క్లారీ తూచిన రెండు తుపాకులు

పొరుగూరు బాథర్స్ట్ రైఫిల్ క్లబ్బు కెప్టెన్ చేత మా క్లారీ ఉల్లిపాయ తినిపించిన రోజున నేను అక్కడే ఉన్నాను, టీ కెటిల్ పక్కన. అప్పట్లో తుపాకులు కాల్చే రేంజిలో ఆడవాళ్లకిచ్చే చోటు అదొక్కటే.

క్లారీది ఎడమచేతి వాటం. నేలమీద బోర్లా పడుకుని కాల్చేటప్పుడు కుడిచేతివాళ్లంతా ఒకవైపుకి ఒరిగి పడుకుంటే అతను రెండోవైపుకి ఒరుగుతాడు. దాంతో అతని మొహం, పక్కవాడి మొహం ఎదురెదురుగా వస్తాయి. ఆ రోజు పక్కన పడ్డవాడు ఆ కెప్టెన్. క్లారీ అప్పుడే భోజనంలో రొట్టె, జున్ను, నేను వెనిగర్లో ఊరబెట్టిన ఉల్లిపాయలు లాగించి వచ్చాడు.

కెప్టెన్ లేచి కూర్చున్నాడు. "ఇతన్ని వరస చివరికి పంపండి. మొహమ్మీద ఊదుతున్నాడు. ఒకటే కంపు!"

"గాలి అటు కొడుతోంది. దానికి నేనేం చేసేది?" అన్నాడు క్లారీ, పడుకున్నవాడు పడుకున్నట్టే.

"నలుగురిలా కుడిచేత్తో కాల్చు."

"నలుగురిలా కాలిస్తే నలుగురికి తగిలినట్టే తగుల్తుంది."

అందరూ నవ్వారు. కెప్టెన్ మొహం కందగడ్డయింది. అప్పుడు క్లారీ లేచి, చాప చుట్టుకుని, "సరే, చివరికే పోతా. నీకంటే బాగా కాల్చాననుకో, మా వదిన ఎనిడ్ సీసాలోంచి నువ్వో ఉల్లిపాయ తినాలి. తిని నా మొహమ్మీద ఊదాలి" అన్నాడు. అంతమంది ముందు కాదనలేక కెప్టెన్ సరేనన్నాడు.

సాయంత్రానికి కెప్టెన్ నా సీసా ముందు నిలబడ్డాడు. తిన్నాడు. కళ్లవెంట నీళ్లు కారాయి. ఊదమంటే ఊదాడు. క్లారీ కదలకుండా నిలబడి, "ఇప్పుడు చెప్పు, కంపా?" అన్నాడు. ఆ పెద్దమనిషి కళ్లు తుడుచుకుని, "ఇంకోటుందా?" అని అడిగాడు. సీసా మొత్తం ఇచ్చి పంపాను. నా ఉల్లిపాయలకి ఎవరైనా అంతే.

గొడవ గెలిస్తే అలా గెలవాలి. ఓడినవాడు కూడా చేతిలో ఏదో ఒకటి పట్టుకుని ఇంటికి పోవాలి. క్లారీ ప్రోసర్ ఇంకో గొడవ కూడా గెలిచాడు. అందులో ఎవరికీ ఏమీ మిగల్లేదు. తన జీవితమంతా పక్కన నిలబడి పనిచేసిన స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాడు. నేను రాయాలని కూర్చున్నది దాని గురించే. మా ఊరు లిత్గోలో ఆ కథని ఇప్పుడు తలో రకంగా చెబుతున్నారు. చెప్పేవాళ్లలో సగంమంది ఆ రోజు హాల్లో లేనేలేరు.

క్లారీ మా ఆయనకి తమ్ముడు. మా ఆయన బొగ్గుగనిలోకి దిగాడు, క్లారీ తుపాకుల ఫ్యాక్టరీలో చేరాడు. జపానువాళ్లతో యుద్ధానికి న్యూగినీ అడవుల్లోకి పోయి మలేరియాతో తిరిగొచ్చాడు. వచ్చాక మళ్లీ ఫ్యాక్టరీ, ఈసారి చెక్క సెక్షన్. రైఫిల్ ఇనుముకి వెనకా ముందూ పట్టే చెక్క ఉంటుంది కదా, భుజానికి ఆనించుకునేది, అది చెక్కి బిగించే పని. దీపం మసి ఇనుముకి పూసి చెక్కలో నొక్కుతారు. మసి అంటినచోట చెక్క ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ వెంట్రుకవాసి గీకి మళ్లీ నొక్కుతారు. మసి అంతటా ఒకేలా అంటేదాకా అదే పని. ఆ మసితోనే అతని వేళ్లు నల్లబడిపోయాయి. పెళ్లి ఫోటోలో కూడా చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. పిల్లల్లేరు. భార్య మాడ్ పోయాక ఆదివారాలు మా ఇంట్లోనే తినేవాడు.

అతని పక్క బెంచి బాసిల్ హీనీది. యూనియన్ తరఫున మాట్లాడేది కూడా బాసిలే. వాడికి నోరెక్కువ, క్లారీకి తక్కువ, ఇద్దరికీ కలిపి సరిపోయేది. శనివారం పేకాట, ఆదివారం రేంజి, సోమవారం మళ్లీ బెంచి. ఏ పెళ్లామూ అంతసేపు భరించదు ఇంకో మనిషిని.

అలాంటి రోజుల్లో కొత్త రైఫిల్ కబురొచ్చింది. మావాళ్లు పాతికేళ్లుగా చేస్తున్న పొడుగు రైఫిల్ని సైన్యం పక్కన పెట్టేస్తుందట. దాని స్థానంలో పొట్టిది వస్తుందట. తూటా కూడా సన్నదట. ఒళ్లంతా ఆకుపచ్చ ప్లాస్టిక్. చెక్కన్నదే లేదు. ఇనుము పని చేసేవాళ్లకి భయం లేదు, పని ఉంటుంది. చెక్క సెక్షన్‌కి మాత్రం తలుపులు మూసుకోవడమే.

బాసిల్ ఊరుకునే రకం కాదు. రాజధాని నుంచి ఇద్దరు అధికారుల్ని రప్పించాడు, యూనియన్ హాల్లో మీటింగు పెట్టాడు, పేపరువాణ్ణి పిలిచాడు. అందరిముందూ మాట్లాడ్డానికి క్లారీ పేరిచ్చాడు. యుద్ధానికి పోయినవాడు, చెక్క పని తెలిసినవాడు, క్లబ్బులో కప్పులు గెల్చినవాడు. అలాంటి మనిషి లేచి 'ఈ కొత్తది బొమ్మ తుపాకి, దీన్ని మన పిల్లల చేతికివ్వకండి' అంటే పేపర్లో పడుతుంది, కనీసం కొన్నాళ్లు వాయిదా పడుతుంది అని వాడి ఆశ.

"కాల్చకుండా ఎలా చెప్పను?" అన్నాడు క్లారీ.

బాసిల్ అదీ చూశాడు. ఫ్యాక్టరీకి నమూనాగా వచ్చిన దాన్ని మా రేంజిలో కాల్చడానికి అనుమతి తెచ్చాడు. చెక్క సెక్షన్ మొత్తం చూడ్డానికి పోయింది. నేను పోలేదు, చలికి మోకాళ్లు పట్టేసి ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నానికి ఇద్దరూ మా వంటింటి తలుపు తోసుకుని వచ్చారు. బాసిల్ పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు. క్లారీ దవడమీద ఎర్రగా కాలిన మచ్చ.

"చూశావా ఎనిడ్? ఆ తుపాకే చెప్పేసింది! మనం నోరు తెరవక్కర్లేదు. కాల్చగానే తూటా ఖాళీ గుల్ల తీసుకొచ్చి వీడి దవడకేసి కొట్టింది. మావాళ్లు ఒకటే ఈలలు!"

"నిప్పులో పెట్టినట్టుందే. ఇలా రా" అని చల్లటి నీళ్ల గుడ్డ దవడకి ఒత్తాను. "ఆ తుపాకి కూడా నీ ఉల్లి కంపు భరించలేక కొట్టుంటుంది."

క్లారీ నవ్వలేదు. "తప్పు దానిది కాదు. మా అందరిదీ" అన్నాడు. "పాతదాంట్లో గుల్ల మొహానికి ముందుగా, దూరంగా ఎగిరిపోతుంది. అది ఏ చేత్తో కాలిస్తే ఎవడికి పట్టింది? దీంట్లో గుల్ల బయటికొచ్చే కంత దవడ పక్కనే ఉంది. కుడిచేతివాడికి బయటికి పోతుంది, నాకు లోపలికొస్తుంది. ఎడమచేతివాడికి లోపల ఒక ముక్క మార్చి, కంతకి మూత అటుదిటు చేసి ఇవ్వాలి. పుస్తకంలో ఉంది. ఇంతమందిమి ఉన్నాం, తుపాకులు చేసేవాళ్లం, ఒక్కడికీ తట్టలేదు. నాకూ తట్టలేదు."

"ఆ మార్చే సంగతి గురువారం చెప్పకు" అన్నాడు బాసిల్.

"ఇంకోటి కూడా. తుపాకికి తగిలించే తూటాల పెట్టె మార్చడానికి చెయ్యి ముందుకి పోయింది నాకు. అక్కడేం లేదు, గాలి. పెట్టె వెనకాల ఉంటుంది, దాదాపు చంక కింద. మూడుసార్లూ ముందుకే పోయింది చెయ్యి. అదీ తుపాకి తప్పేనంటావా? నా చెయ్యి ముసలిదయింది, అంతే."

అని జేబుల్లోంచి తూటాలు తీసి నా బల్లమీద పోశాడు. ఒక జేబులోవి క్లబ్బు తూటాలు, పాత రైఫిల్‌వి. రెండో జేబులోవి సన్నవి. కంగారూల వేటగాళ్లు వాడేవే, కొత్తదానికి పట్టే తూటాలకీ వీటికీ తూకంలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నాడు.

"నీ జామ్ తక్కెడ ఇటివ్వు, ఎనిడ్."

"పళ్లు తూచేదాంట్లో అవి పెడతావా?"

"కడిగిస్తాలే."

కడగడని నాకు తెలుసు. అయినా ఇచ్చాను. ఒక పళ్లెంలో గుప్పెడు పాతవి పెట్టాడు. రెండో పళ్లెంలో సన్నవి ఒక్కొక్కటే వేస్తూ పోయాడు. పాతవెన్నో అన్నీ వేశాడు, ముల్లు కదల్లేదు. మళ్లీ వేశాడు, మళ్లీ వేశాడు. చివరికి పళ్లేలు సమంగా నిలిచేసరికి సన్నవాటి కుప్ప పాతవాటికి రెట్టింపుంది.

"అయితే ఏమిటి? దీనికి దమ్ముందా?" అన్నాడు బాసిల్. పెద్ద తూటా ఒకటి తీసి చిన్నదాని పక్కన నిలబెట్టాడు. "చూడు. ఇది మొగుడు, ఇది పిల్లాడు."

"దమ్ము దానికే ఎక్కువ. కాదన్నానా?" అన్నాడు క్లారీ. "చెట్టు వెనక నక్కినవాణ్ణి చెట్టుతో సహా కొడుతుంది పాతది. మన రేంజిలో దూరపు దిబ్బమీంచి కాలిస్తే ఆ సన్నది గాలికి కొట్టుకుపోతుంది, పాతది నిలబడుతుంది. ఇదంతా చెప్తాను. కానీ న్యూగినీలో దూరం ఎక్కడుంది బాసిల్? చెయ్యి చాస్తే ఆకు. ఆకు వెనక ఎవడున్నాడో తెలీదు."

గుడ్డ దవడమీంచి తీసి బల్లమీద పెట్టాడు.

"అప్పటి తుపాకి వేరే, తూటా బరువు మాత్రం ఇంతే. వాల్ హార్డ్‌విక్ అని నాతో ఉండేవాడు. పొట్టివాడు, ఊపిరి తక్కువ. బురదలో కొండెక్కుతుంటే మోయలేక సగం తూటాలు వాగులో పారేశాడు. నేను చూశాను, ఎవరికీ చెప్పలేదు. నాకూ పారెయ్యాలనే ఉంది. మర్నాడు కాల్పుల మధ్యలో వాడి దగ్గర అయిపోయాయి. నావైపు చెయ్యి చాపాడు, ఇమ్మని. నాకూ వాడికీ మధ్య కాస్తంత ఖాళీ నేల. అది దాటి నేను పోలేకపోయాను."

ఇంతకాలం మా ఇంట్లో తిన్నాడు, ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. మాడ్ కూడా వినుండదు.

బాసిల్ మెల్లగా, "అది నలభయ్యేళ్ల కిందటి మాటరా. ఇది రేపటి కూడు. గురువారం ఆ పేరెత్తకు" అన్నాడు.

"వాడి పేరెత్తను. కానీ తూచిందేదో అది చెప్తాను."

బాసిల్ టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. టీ అలాగే ఉంది.

"ఒళ్లు బాగోలేదని పడుకోరాదూ? జ్వరమని నేను కబురు పంపిస్తా. మలేరియా తిరగబెట్టిందంటే నమ్మనివాడెవడు?" అన్నాను.

"నేను రాకపోతే నా పేరుతో వాడే చెప్తాడు. కొత్తది పనికిరాదన్నాడు క్లారీ, అని. ఎవడో కుర్రాడు ఆ పాతదాన్నే మోసుకుంటూ కొండెక్కుతాడు." బల్లమీద తూటాలు జేబులో వేసుకుని లేచాడు. తక్కెడ కడగలేదు.

గురువారం హాలు నిండిపోయింది. బయట మంచు పడేట్టుంది, లోపల తడి కోట్ల వాసన. ఆడవాళ్లం వెనక గోడకి నిలబడ్డాం. బాసిల్ బాగానే మాట్లాడాడు. మాట్లాడి, చెయ్యి చూపించి, "ఇక వినాల్సినవాడి నోటే వినండి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. దవడమీద మచ్చతో క్లారీ లేచాడు.

పాతదాన్ని మెచ్చుకున్నాడు ముందు. బురదలో పనిచేస్తుందనీ, దూరం పోతుందనీ, గట్టిగా తగులుతుందనీ, తను చేసినవాటిలో తనకి సిగ్గనిపించేది ఒక్కటీ లేదనీ చెప్పాడు. ఇక్కడిదాకా అందరూ తలలూపారు. ఎడమచేతి సంగతి చూడకపోతే కొత్తది మనుషుల మొహాలు కాలుస్తుందన్నాడు. నవ్వారు. ఆ తర్వాత, "కానీ మోసేవాడికి అదే బరువులో తూటాలు రెట్టింపు వస్తాయి. నన్నిప్పుడు మళ్లీ ఆ కొండెక్కమంటే నేను కొత్తదే తీసుకుంటా" అని కూర్చోబోయాడు.

హాలు ఒక్కసారిగా లేచింది. అరుపులు, బెంచీల చప్పుడు. బాసిల్ మాత్రం అరవలేదు. బల్లమీద రెండు చేతులూ ఆనించి, "నువ్వెవరి వైపురా క్లారీ? ఇక్కడ కూర్చున్నవాళ్లలో నీకు అన్నం పెట్టనివాడెవడు?" అన్నాడు.

క్లారీ అక్కడితో ఊరుకోవాల్సింది. అతనికి నోరు తక్కువని చెప్పాను కదా. తక్కువ నోరున్నవాళ్లు తెరిచినప్పుడే భయం.

"నేను మోశాను బాసిల్. నువ్వు మొయ్యలేదు" అన్నాడు.

అరుపులు ఆగిపోయాయి. ఆ మాట ఏమిటో ఆ హాల్లో నా వయసువాళ్లందరికీ తెలుసు. బాసిల్ యుద్ధానికి పోతానని మళ్లీ మళ్లీ అర్జీ పెట్టుకున్నాడు. తుపాకులు చేసేవాళ్లని వదలడానికి వీల్లేదని ప్రతిసారీ తిప్పి పంపారు. ఆ రోజుల్లో మెయిన్ స్ట్రీట్‌లో ఎవత్తో వాడి చేతిలో తెల్ల ఈక పెట్టింది, పిరికివాడివని. చేసింది నేను కాదు, కానీ ఆ మనిషెవరో నాకు తెలుసు. వాడు దాన్ని జేబులో పెట్టుకుని నైట్ షిఫ్టుకి పోయాడు. దాని గురించి ఊళ్లో ఎవరూ వాడి ముందు మాట్లాడరు. అది మర్యాద. ఆ మర్యాదని అందరికంటే ఎక్కువగా నిలబెట్టినవాడు క్లారీ.

బాసిల్ కాగితాలు సర్దుకుని పక్క తలుపులోంచి వెళ్లిపోయాడు. కొత్తదే తీసుకుంటానని క్లారీ అన్న మాట పేపరువాడు వేశాడు, పెద్ద అక్షరాలతో.

తర్వాత జరిగింది జరిగింది. చెక్క సెక్షన్ మూతపడింది. క్లారీ నోరు కట్టేసుకున్నా పడేదే. రాజధానివాళ్లు అప్పటికే నిర్ణయించుకుని వచ్చారని, హాల్లో కూర్చుని వినడం మర్యాద కోసమేనని తర్వాత అందరికీ తెలిసింది. కొంతమందికి వేరే సెక్షన్లలో పని దొరికింది, కొంతమంది బొగ్గు కరెంటు స్టేషన్‌కి పోయారు, కొందరు ఇంట్లో కూర్చున్నారు. ఇంట్లో కూర్చున్నవాళ్లకి తిట్టడానికి ఒక పేరు కావాలి కదా. రాజధానిని తిడితే వినపడదు. క్లారీని తిడితే వీధిలోనే ఉన్నాడు.

బాసిల్ తిట్టలేదు. క్లారీ వస్తుంటే రోడ్డు దాటి అవతలి పక్కకి పోయేవాడు, అంతే. వయసుతో వచ్చిన కుంటికాళ్లతో, ఐసు మీద కూడా, దాటేవాడు. రేంజిలో క్లారీ వరస చివర పడుకునేవాడు. పక్కన రెండు చాపల ఖాళీ వదిలేవారు మావాళ్లు. ఉల్లిపాయలు తినడం మానేశాడు. నేను సీసా ముందు పెట్టినా మూత తియ్యలేదు. కొన్నాళ్లకి రేంజి కూడా మానేశాడు. శనివారాలు మా ఇంట్లో ఒక్కడే పేకముక్కలు పరుచుకుని కూర్చునేవాడు. నేను ఆడతానంటే, "నీకు ఆటే రాదు, పైగా దొంగాట" అనేవాడు. అది నిజం కాదు, నాకు ఆట వచ్చు.

కొత్త రైఫిళ్లు సైన్యంలోకి పోయాయి. ఎడమచేతివాళ్లకి ముక్క మార్చి ఇస్తున్నారట. మా వీధి కుర్రాడు సైన్యంలోంచి సెలవుకొచ్చి చెప్పాడు, మొయ్యడానికి బాగుందని. క్లారీ విన్నాడు. మంచిదేలే అన్నాడు. అంతకంటే మొహంలో ఏమీ కదల్లేదు. తను చెప్పింది సరైనదేనని తెలియడం వల్ల మనిషికి ఒంట్లో బలమేమీ రాదని నాకు అప్పుడు అర్థమైంది.

ఈ చలికాలం క్లారీకి ఊపిరితిత్తులు పట్టేశాయి. ఏళ్ల తరబడి పీల్చిన చెక్కపొడి, పైన పొగాకు. డాక్టరు నన్ను పక్కకి తీసుకెళ్లి మాట్లాడాడు. నేను సూపు పట్టుకెళ్లి, అతను తినను అంటే తిట్టి, సగం తాగించి, గిన్నె కడుక్కుని వస్తుంటాను. నాకూ ఓపిక లేదు. కొండమీది వీధి అది, ఎక్కేసరికి నాకే ఆయాసం. వెళ్లకపోతే ఇంకెవరు వెళ్తారు?

నిన్న గిన్నె పట్టుకుని లేస్తుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"ఎనిడ్, బాసిల్ ఇంటికి వెళ్లు."

"వాడే రావాలి. నువ్వు మంచంలో ఉన్నావు."

"వాడు రాడు. తప్పు నాది కదా, వాడెందుకొస్తాడు?"

"తప్పా? మీటింగులో చెప్పింది తప్పంటావా ఇప్పుడు?"

దగ్గు వచ్చింది. ఆగేదాకా వీపు రాస్తూ నిలబడ్డాను. ఆగాక మెల్లగా, ఒక్కో ముక్కా ఊపిరి తీసుకుని చెప్పాడు.

"తుపాకి గురించి అన్నది అన్నదే. అది వెనక్కి తీసుకుంటానని వాడితో చెప్పకు, ఆశ పెట్టకు. 'నువ్వు మొయ్యలేదు' అన్నాను చూడు, అది వెనక్కి తీసుకున్నానని చెప్పు. వాడు వస్తే నేనే చెప్దును గానీ, మళ్లీ తుపాకితో మొదలుపెడతానని భయం. ముందు నువ్వు చెప్పు. తర్వాత వస్తాడేమో అడుగు. ఒక్కసారే అడుగు, బతిమాలకు. గుమ్మంలోనే నిలబెట్టినా సరే, తిట్టకుండా రా. నీ సంగతి నాకు తెలుసు, ఎనిడ్. వాణ్ణి తిట్టకు."